ఏమరుపాటు

గురువారం పొద్దున దేవరాజులు వచ్చేసరికి అమ్మణి తన మేనకోడలు బ్యూలాకు జడ వేస్తూ ఉంది. కుడిచేతికి కట్టు ఉన్న పిల్ల జడ ఎట్లా అల్లుకుంటుంది? మూడు వారాలుగా అది అమ్మణి పనే. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, చిక్కులు తీస్తున్నంతసేపూ ఎవరెవరినో లోలోపల తిట్టుకుంటుంది. ఎవరెవరినో ఏమిటి, ఒక్కడినే. ఆ ఒక్కడే ఇప్పుడు గుమ్మం బయట చెప్పులు విడుస్తున్నాడు.

"స్తోత్రం అక్కా."

"స్తోత్రం. రాండి తమ్ముడూ," అంది అమ్మణి.

చెన్నై పెరంబూరులోని ఆ చిన్న తెలుగు క్రైస్తవ సంఘంలో ఎవరికి ఎవరు ఎదురైనా మొదట నోట వచ్చే మాట అదే. కడిగి పారెయ్యాలనుకున్న మనిషిని కూడా ముందు స్తోత్రంతో పలకరించి, ఆ తరువాతే కడగాలి. అమ్మణికి అరవై ఒకటి నిండాయి గానీ ఆ తరువాత అనేది ఇంతవరకు రాలేదు.

దేవరాజులు సంఘానికి పెద్ద. తిరువొత్తియూరులో రైలుపెట్టెల కిటికీలకు రేకు చట్రాలు చేసే ఒక కంపెనీలో ప్రెస్సు విభాగానికి మేనేజరు కూడా. సంఘంలో సగం ఇళ్ళవాళ్ళకు అక్కడ పనులు ఆయన చలవే. బ్యూలాకు పని దొరికిందీ ఆయన చలవతోనే. బ్యూలా కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు పోయిందీ ఆయన విభాగంలోనే. ఈ మూడోది మాత్రం చలవ లెక్కలోకి రాదు కాబోలు, సంఘంలో ఎవరూ దాన్ని ఆయన పేరుతో కలిపి చెప్పరు.

ఆయన కుర్చీలో కూర్చుని, జేబులోంచి మడిచిన కాగితం తీసి మోకాలి మీద పెట్టి సాపు చేశాడు.

"ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టినాం అక్కా. మన బ్యూలా లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాల. పిల్ల తడబడకుండా ఉండాలని నేనే రాసుకోనొచ్చినా. తెలుగులో ఉండాది. మీరు ఎప్పట్లాగా తమిళ అక్షరాల్లో పెట్టి ఇచ్చేస్తే చదివేస్తాది. పాస్టరమ్మ వీడియో తీస్తారు."

"వీడియో ఎందుకు?"

"సుమ్మా, ఊరికే అక్కా. మంగళవారం లేబర్ ఆఫీసరు విచారణ ఉండాది కదా. పిల్ల మనసులో ఏ కోపమూ లేదని ఆయనకు చూపిస్తాం. సమాధానంగా, గొడవ లేకుండా పోతే అందరికీ మంచిది." బ్యూలా వైపు తిరిగి నవ్వాడు. "నీకు ఆఫీసులో కూర్చోని చేసే పని చెప్పిపెట్టినా. కుర్చీ, టేబులు, నెత్తిమీద ఫ్యాను. ఇంక ఆ మిషన్ల పక్కకే పోయే పని లేదు. సరేనా?"

"సరే అంకుల్," అంది బ్యూలా. ఇరవై రెండేళ్ళ పిల్ల. తల్లీ తండ్రీ లేరు. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసినవాళ్ళు మూడు తరాల్లో ఎవరూ లేరు.

ఆయన వెళ్ళాక అమ్మణి కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివింది. దస్తూరీ ముత్యాల్లాగా ఉంది. ప్రభువునందు ప్రియులారా, అని మొదలు. నా ఏమరుపాటు వలన ఈ ప్రమాదము సంభవించినది. ఇందుకు మరి యెవరును ఉత్తరవాదులు కారు. పది వేళ్ళలో రెండు మాత్రమే తీసుకొని ఎనిమిదింటిని నాకు మిగిల్చిన దేవుని కృప యెంతో గొప్పది. నన్ను కన్నబిడ్డవలె చూచుకొనుచున్న యాజమాన్యమునకు నా వందనములు.

అరికాలి మంట నెత్తికెక్కింది అమ్మణికి. ఎనిమిది మిగిల్చాడట! లెక్క రాసినవాడి పదీ పదిగానే ఉన్నాయి. మధ్యలో దేవుణ్ణి దొంగను చేసి, రెండే తీసుకున్నందుకు ఆయనకు దండం పెట్టమంటున్నాడు. దేవుడు ఎప్పుడు తీసుకున్నాడు? తీసుకున్నది మిషను. ఆ మిషను రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప కిందికి దిగకూడదు. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే మిషను కింద ఉండవు కదా, అందుకని అట్లా చేశారు. పని తొందరగా తెమలాలని ఒక బటన్‌ను నొక్కిపెట్టి నల్లటేపు చుట్టేశారు. ఒక చేత్తో రేకు సర్దుతూ ఇంకో చేత్తో నొక్కడం. నెల రోజులు అట్లాగే నడిచింది. ఈ సంగతి పక్క మిషను మీద పనిచేసే భువనేశ్వరి ఆస్పత్రికి వచ్చి చెప్పింది. ఊరికే చెప్పి ఊరుకోలేదు, కాగితం మీద రాసి లేబర్ ఆఫీసులో ఇచ్చింది. మరునాడు ఆమెను గేటులోపలికి రానివ్వలేదు.

"ఏమి రాసినాడత్తా అంకులు?" అని అడిగింది బ్యూలా.

"రాసినాడు లే. తరువాత చదువుదువు గానీ, ముందు ఇడ్లీ తిను," అంది అమ్మణి.

ఇడ్లీ తుంచడం బ్యూలాకు ఎడమచేత్తో ఇంకా అలవాటు కాలేదు. ముక్క చట్నీలో ముంచేలోపల జారి పళ్ళెంలో పడుతుంది. సాయం చెయ్యబోతే విసుక్కుంటుంది. అమ్మణి గోడ వైపు తిరిగి కూర్చుని, తనకు అసలు ఏమీ కనిపించనట్టు, కాగితాన్ని నాలుగుసార్లు మడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక అమ్మణి రాతపనికి కూర్చుంది. చదరంగా కత్తిరించిన అట్ట, దానిమీద గీతల కాగితం, ఒక నల్ల పెన్ను, ఒక ఎర్ర పెన్ను. పదకొండేళ్ళుగా ప్రతి వారం ఇదే సరంజామా.

సంఘంలో తెలుగు చదవగలిగినవాళ్ళు పదిమంది ఉంటే గొప్ప. మిగతా అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుకున్నారు. అమ్మణి చదువుకున్న కార్పొరేషన్ తెలుగు బడిని మూసేసి చాలాకాలమైంది. అందుకని పాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసివ్వాలి. అందులో ఒక చిక్కుంది. తమిళంలో క అన్నా గ అన్నా ఒకటే అక్షరం. త, ద ఒకటే. ప, బ ఒకటే. మొదట్లో అమ్మణి ఇది ఆలోచించకుండా రాసిస్తే, పాటలో 'నా గుండెలో' అన్నచోట యువజనులంతా గొంతెత్తి 'నా కుండెలో, నా కుండెలో' అని పాడారు. ముసలాళ్ళు నవ్వు ఆపుకోలేక దగ్గులు నటించారు. అప్పటినుంచి మెత్తగా పలకాల్సిన అక్షరం కింద ఆమె ఒక ఎర్రచుక్క పెడుతుంది. చుక్క ఉంటే గ, లేకపోతే క.

ఆమెకు ఒక్కటే నియమం. కాగితంలో ఏముంటే అదే రాయాలి. పాటలో మాట తనకు నచ్చకపోయినా, ప్రసంగం నోట్సులో తప్పున్నా, ఒక్క అక్షరం మార్చదు. అమ్మణి చేత్తో రాసింది మూలంలో ఉన్నట్టే ఉంటుందని పాస్టరు అయ్యగారు కూడా చెబుతారు. ఆ పేరు ఆమెకు చాలా ఇష్టం.

నల్ల పెన్నుతో మొదటి వాక్యం రాసింది. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగింది. చదివితే ఒక్కసారి మండి ఊరుకుంటుంది. రాస్తే అట్లా కాదు, ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో పట్టుకుని దించాలి. ఏ. మ. రు. కృప అంటే అర్హత లేనివాళ్ళకు అడక్కుండా వచ్చేది అని దేవరాజులు ప్రతి క్రిస్మస్‌కూ నిలబడి చెబుతాడు. బాగుంది. ఆ మిషను కూడా అడక్కుండానే దిగింది. కృతజ్ఞత అనేది కిందివాళ్ళు పైవాళ్ళకు కట్టే పన్ను కింద ఎప్పుడు మారిందో ఆమెకు తెలియదు. పైవాడు అంటే ఆకాశంలో ఉన్నవాడు అనుకుంది ఇన్నాళ్ళూ. ఆయన ఈ కాగితం చూస్తే ముందు చింపేది ఆయనే.

అయినా రాసింది. తిట్టుకుంటూ రాసింది. చివరి వందనములు దాకా రాసి, ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టింది. ఒక్కటీ తప్పిపోలేదు.

సాయంత్రం బ్యూలా కిటికీ పక్కన నిలబడి పైకి చదవడం మొదలుపెట్టింది. కాగితం ఎడమచేతిలో ఉంది. కట్టు ఉన్న చెయ్యి ఛాతీకి ఆనించుకుంది. నొప్పి వస్తే అట్లా పెట్టుకుంటుంది.

"నా ఏమరుపాటు వలన ఈ ప్రమాదము సంభవించినది." ఆగి మళ్ళీ చదువుకుంది. ముఖం విప్పారింది. "అత్తా! అంకుల్ కరెక్టుగా రాసినారే!"

"ఏమి కరెక్టు?"

"నన్ను ఏమార్చినారని. నేను ఏమారిపోయినా గాబట్టి ఈ యాక్సిడెంట్ అయింది అని. కంపెనీలో మేనేజరుగా ఉండి ఇంత ధైర్యంగా రాస్తారని నేను అనుకోనే లేదు."

అమ్మణి చేతిలో బియ్యం చేట అట్లాగే ఉండిపోయింది. తమిళంలో ఏమారడం అంటే మోసపోవడం. ఇంట్లో కూడా, 'ఆటోవాడు ఏమార్చేసినాడు' అనే అంటారు. పిల్లకు తెలిసిన మాట అదొక్కటే. తెలుగు పుస్తకాల్లో ఏమరుపాటు అంటే తను చూసుకోకపోవడం, తన పొరపాటు అని ఆమెకు ఎవరు చెప్పారు? ఏ బడిలో చెప్పారు?

"తరువాతది కూడా చూడు," అని బ్యూలా ఉత్సాహంగా చదివింది. "ఇందుకు మరి యెవరును ఉత్తరవాదులు కారు. నాకు ఎవురూ ఉత్తరవాదం ఇయ్యలేదు అని. కరెక్టే కదా? ఆ మిషను సేఫ్ అని ఎవురూ గ్యారంటీ ఇయ్యలేదే."

తమిళంలో ఉత్తరవాదం అంటే హామీ. తెలుగులో ఉత్తరవాది అంటే బాధ్యుడు. ఒకే కాగితం మీద ఒకే అక్షరాలు. దేవరాజులు రాసిందేమో 'తప్పంతా నాది, ఇంకెవరికీ బాధ్యత లేదు' అని. పిల్ల చదివిందేమో 'నన్ను మోసం చేశారు, నాకెవరూ హామీ ఇవ్వలేదు' అని. ఆదివారం ఈ పిల్ల తల ఎత్తుకుని, నిజం చెబుతున్నాననుకుంటూ, నిండు సంఘంలో కెమెరా ముందు తన నేరం తనే ఒప్పుకుంటుంది. మంగళవారం ఆఫీసరు అది చూస్తాడు. విచారణ అయిపోతుంది. భువనేశ్వరి రాసిచ్చింది అబద్ధం అవుతుంది.

చెప్పాలి. నోరు తెరిచింది కూడా.

"ఆ ఎనిమిది వేళ్ళు అనేదే నాకు పిడిక్కలేదు, నచ్చలేదు అత్తా," అంటోంది బ్యూలా. "పోనీ. కుర్చీలో కూర్చునే పని ఇస్తారు కదా. ఈ చెయ్యితో నాకు ఇంకెవురు ఇస్తారు?"

అమ్మణి నోరు మూసుకుంది. కుర్చీ, టేబులు, నెత్తిమీద ఫ్యాను. తను పోయాక ఈ పిల్లకు ఎవరున్నారు? కోపం అన్నం పెడుతుందా? అయినా అర్థం తెలియకుండా చదివితే అది ఈ పిల్ల పాపం ఎట్లా అవుతుంది? చదివేస్తుంది, ఇంటికొస్తుంది, నెల తిరిగేసరికి పనిలో చేరుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"బాగా చదువుతా ఉండావు," అంది. చేటలో బియ్యం మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. రాయి ఒక్కటి కూడా కనిపించలేదు, ఆమె చూస్తే కదా.

శనివారం నాలుగు గంటలకు భువనేశ్వరి వచ్చింది. ఆమెది నాయుడుపేట, అక్కడ తెలుగు బడిలో చదువుకుంది. మూడేళ్ళ కిందట మొగుడితో కలిసి పని కోసం వచ్చింది. పని పోయిన మనిషి, అయినా చేతులూపుకుంటూ రాలేదు. అరడజను జామకాయలు, మందుల షాపులో దొరికే మెత్తని రబ్బరు బంతి తెచ్చింది. మిగిలిన వేళ్ళతో దాన్ని రోజూ నొక్కుతూ ఉంటే పట్టు వస్తుందని చెప్పింది.

"వేరే పని దొరికిందా అక్కా?" అని అడిగింది బ్యూలా.

"ఆడ ఈడ అడుగుతున్నా. పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు కదా, ఆ తరువాత రమ్మనరు." భువనేశ్వరి మామూలుగా చెప్పింది, వాన వస్తుందేమో అన్నట్టు. "మంగళవారం తేలిపోతే అంతా సర్దుకుంటాదిలే. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్తే చాలు."

"మంగళవారం దాకా ఎందుకు? రేపే చెప్తా ఉండా!" బ్యూలా గబగబా కాగితం తీసుకొచ్చింది. "విను. అంకులే రాసిచ్చినారు, అత్త తమిళ అక్షరాల్లో పెట్టింది."

అమ్మణి కాఫీ పేరుతో వంటింట్లోకి లేచింది. గ్యాస్ వెలిగించింది. పాలగిన్నె పెట్టడం మరిచిపోయి మంటనే చూస్తూ నిలబడింది. ముందుగదిలోంచి బ్యూలా గొంతు ఖణీమని వినిపిస్తోంది. నా ఏమరుపాటు వలన. ఇందుకు మరి యెవరును. ఎనిమిదింటిని. యాజమాన్యమునకు.

చదవడం అయిపోయింది.

"ఇది నువ్వు చదువుతావా బ్యూలా?" భువనేశ్వరి గొంతు చాలా చిన్నగా ఉంది. "మీ ఇష్టం అనుకో. కుర్చీ పని ఇస్తామన్నారని విన్నాను. కానీ నాకు ఒక మాట ముందే చెప్పి ఉంటే, నేను ఆ కాగితం రాసివ్వకపోదును కదా."

"ఏంది అక్కా? ఏమార్చినారని కదా ఉండేది?"

"ఏమార్చడం కాదు. ఏమరుపాటు అంటే నీ పొరపాటు. నువ్వు చూసుకోకుండా చెయ్యి పెట్టావని. ఇంకెవరి తప్పూ లేదని దాని కింద ఉంది." భువనేశ్వరి లేచి చెప్పులు వేసుకుంది. "నీకు తెలియదని నాకేం తెలుసు? ఇంట్లో తెలుగు చదివిన పెద్దావిడ ఉంది, ఆమే రాసింది కదా అనుకున్నా."

ఆమె వెళ్ళిపోయింది. బ్యూలా వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తా. నీకు తెలుసునా?"

ఒక్క అబద్ధం చాలు. నాకూ ఆ మాట సరిగా తెలియదమ్మా, అంటే అయిపోయేది. అమ్మణి గ్యాస్ కట్టేసింది.

"తెలుసు."

"నిన్న నేను చదివినప్పుడే తెలుసునా?"

"తెలుసు."

ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండును. బ్యూలా తన ఎడమచేతిలోని కాగితాన్ని, అందులో అక్షరాల కింద ఎర్రచుక్కల్ని చూసింది.

"అంకుల్ కంపెనీ మనిషి. నువ్వు ఎవురు అత్తా?" అంది.

మూడు వారాలుగా ఒకడిని తిట్టుకుంటూ కడుపు నింపుకున్న అమ్మణికి ఆ పూట తిట్లు తనమీదికే మళ్ళాయి. ఆ దేవరాజులు రాసిందైనా తన పని కాపాడుకోవడానికి. తను అన్నీ తెలిసి, పిల్ల ముఖంలోకి చూస్తూ, బాగా చదువుతున్నావు అంది. ప్రార్థన చేద్దామంటే నోట్లోంచి స్తోత్రం అనే మాట తప్ప రావడం లేదు, ఆ మాటంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఆదివారం బ్యూలా తల తనే దువ్వుకుంది. ఎడమచేత్తో, పళ్ళతో పట్టి, రబ్బరుబ్యాండు ఎట్లాగో బిగించుకుంది. జుట్టు ఒక పక్కకు జారి ఉంది. అమ్మణి దువ్వెన తీసుకుని రెండడుగులు వేస్తే తల పక్కకు తిప్పుకుంది. అత్త చీర మార్చుకునేలోపలే ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది.

సంఘంలో అరవైమంది దాకా ఉంటారు. అమ్మణి వెళ్ళేసరికి బ్యూలా ముందు బెంచీలో యువజనుల మధ్య కూర్చుని ఉంది. అమ్మణి ఆడవాళ్ళ వరసలో తన చోట కూర్చుంది. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. పాస్టరమ్మ ఫోనును స్టాండుకు తగిలించింది. దేవరాజులు తెల్లచొక్కా, పంచెతో పక్కన నిలబడి, ఈ బిడ్డను దేవుడు ఎట్లా కాపాడాడో మనమంతా విందాం అని పిలిచాడు.

బ్యూలా లేచి వెళ్ళింది. కాగితం విప్పింది. చదువుతుందా? ఆ కుర్చీ కోసం చదివేస్తుందా? చదివితే ఆ నేరం ఎవరిది?

"ప్రభువునందు ప్రియులారా," అని చదివింది బ్యూలా.

"స్తోత్రం," అంది సంఘం. సాక్ష్యంలో వాక్యం వాక్యానికీ అట్లా అనడం అలవాటు.

"నా ఏమరుపాటు వలన ఈ ప్రమాదము సంభవించినది."

"స్తోత్రం!"

బ్యూలా కాగితం దించింది. "దీనికి ఎందుకు స్తోత్రం చెప్పినారు?" అని అడిగింది.

ఎవరికీ అర్థం కాలేదు. సాక్ష్యం చెప్పేవాళ్ళు తిరిగి ప్రశ్న అడగడం ఆ సంఘంలో ఎప్పుడూ జరగలేదు.

"ఏమరుపాటు అంటే ఏమో మీలో ఎంతమందికి తెలుసు? నాకు నిన్నటిదాకా తెలీదు. ఈ కాగితంలో ఉండేది నా మాటలు కాదు. తమిళ అక్షరాల్లో రాసింది మా అత్త. ఆమెకు అర్థం తెలుసు." బ్యూలా ఆడవాళ్ళ వరస వైపు తిరిగింది. "అత్తా, నువ్వు లేచి చెప్పు."

పదకొండేళ్ళు సంఘానికి మాటలు రాసిచ్చిన మనిషి, ఒక్క రోజూ లేచి నిలబడి మాట్లాడలేదు. అమ్మణి ముందు బెంచీని పట్టుకుని లేచింది. ఫోను తన వైపు తిరగడం కనిపించింది.

"ఏమరుపాటు అంటే చూసుకోకుండా ఉండడం. తన తప్పు అని ఒప్పుకోవడం," అంది. "ఈ పిల్ల దాన్ని ఏమారడం అనుకునింది. మోసపోయినా అని చెప్తా ఉండాననుకునింది. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు. ఆఫీసులో కుర్చీ వస్తాది కదా, చదివేస్తే పోనీలే అనుకున్నా. అదే నా సాక్ష్యం. తెలిసి నోరు మూసుకున్నా."

ఎవరూ స్తోత్రం అనలేదు.

"ఆ మిషన్‌కి రెండు బటన్లు," అంది బ్యూలా. "ఒకదానికి టేపు చుట్టినారు. నెల రోజులు అట్లానే నడిపినాం. ఈడ కూర్చోనుండేవాళ్ళలో తొమ్మిదిమంది అదే విభాగంలో పనిచేస్తారు. మీకందరికీ తెలుసు. మీ మిషన్లకు ఈరోజు కూడా టేపు ఉండాది."

దేవరాజులు ముందుకు వచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. "అమ్మా బ్యూలా, ఇది కృతజ్ఞత కూటం. విచారణ కాదు. పాస్టరమ్మా, ఆ ఫోను ఆపండి."

"కృతజ్ఞతే అంకుల్. ఇంకా ముగీలేదు. మీకు చెప్పాల్సింది ఉండాది." బ్యూలా కాగితాన్ని మడిచి బల్లమీద పెట్టింది. ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. "ఆరోజు మీరు చొక్కా విప్పి నా చెయ్యికి చుట్టినారు. కారులో ఆస్పత్రి దాకా చెయ్యి పైకెత్తి పట్టుకోనే వచ్చినారు. బనీనుతో నాలుగు గంటలు వరండాలో నిలబడినారు. దానికి మీకు నా వందనం. ఇది ఎవురూ రాసియ్యలేదు. నేనే చెప్తా ఉండా."

ఇవేవీ అమ్మణికి తెలియవు. పిల్ల ఎప్పుడూ చెప్పలేదు, తనూ అడగలేదు. చొక్కా లేకుండా వరండాలో నిలబడ్డ దేవరాజులు మూడు వారాలుగా ఆమె తిట్లలో ఎక్కడా లేడు.

"మీరు ఏడ్చినారు అంకుల్," అంది బ్యూలా. "నాకు మత్తు ఇంకా ఎక్కలేదు. మీ మాట వినిపించింది. 'నేనే చుట్టమన్నా, నేనే చుట్టమన్నా' అని చెప్పినారు. ఆ ఒక్క మాట మంగళవారం ఆఫీసరు దగ్గర చెప్పండి. భువనేశ్వరి అక్క నిజం రాసిందని చెప్పండి. మీరు చెప్తే, వచ్చే ఆదివారం మీకోసం ఇదే చోట నేను సాక్ష్యం చెప్తా. మనుషుల్ని దేవుడు మార్చగలడని చెప్తా. చెప్పకపోతే, ఈరోజు చెప్పిందే ఆడ కూడా చెప్తా."

దేవరాజులు చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. సంఘంలో ఆ తొమ్మిదిమందీ ఎటు చూడాలో తెలియక ఆయన వైపే చూశారు. అయ్యగారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

అప్పుడు దేవరాజులు అడిగాడు. ప్రసంగం గొంతు కాదు, పక్కింటి మనిషి గొంతు.

"మంగళవారం ఆ భువనేశ్వరి కూడా వస్తాదా?"

"వస్తాది అంకుల్," అంది బ్యూలా. "మేం ముగ్గురమూ వస్తాం."

దేవరాజులు తల ఊపి, తన కుర్చీ దాకా పోకుండా, దగ్గర్లో ఉన్న బెంచీ చివర కూలబడ్డాడు. అమ్మణి ఇంకా నిలబడే ఉంది. ఆ ముగ్గురిలో మూడో మనిషి తనేనని అర్థం కావడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.